బిక్కుబిక్కుమన్న అరటితోట

గోరంత సంగతి దొరికితే కొండంత చేయగల విలేకరి వేంపల్లె ఓబుళేశు. ఎక్కడో సముద్రాల అవతల ఒక అణు విద్యుత్ కేంద్రం పేలితే, ఆ పొద్దే కడప డెస్కు నుంచి ఫోనొచ్చింది.

"తుమ్మలపల్లె యురేనియం గని మీ పక్కనే గదప్పా. జనం ఏమనుకుంటాండారో రాసి పంపు."

జనం ఏమీ అనుకోవడం లేదు. హోటల్లో కూర్చుని దోసెల్లోకి ఎర్రకారం ఇంకొంచెం వేయమంటున్నారు. అది వార్త ఎలా అవుతుంది? అందుకని ఓబుళేశు తన పాత వాక్యం బయటికి తీశాడు: 'ప్రజలు బిక్కుబిక్కుమంటూ కాలం గడుపుతున్నారు.' కరువొచ్చినా అదే, వరదొచ్చినా అదే, చిరుతపులి వచ్చినా అదే. ఫొటో కావాలి గనుక మామ రామకృష్ణ అరటితోటకు పోయాడు. ఎండకు కళ్లమీద చెయ్యి అడ్డం పెట్టుకున్న మామను ఫొటో తీసి, కింద 'ఆందోళనలో అరటి రైతు' అని రాసి పంపాడు. జిల్లా పేజీలో సగం అతని వార్తే వచ్చింది. మామ కూడా మురిసిపోయి పేపరు నలుగురికీ చూపించాడు.

గెలలు కోతకొచ్చాయి, బేరం కూడా ముందే కుదిరింది. కోతనాడు ఓబుళేశు కూడా తోటలోనే ఉన్నాడు. కూలీలతో, లారీతో రావాల్సిన వ్యాపారి హనుమేష్ ఒంటరిగా మోటారు సైకిలు మీద వచ్చాడు. చేతిలో ఆ పేపరే ఉంది.

"రామకృష్ణన్నా, నీ ఫొటో ఢిల్లీ దాకా పోయిండాది. ఆడ కాయ కొనేటోళ్లు ఈ తోటది మాకొద్దంటాండారు."

మామ అల్లుడి వైపు చూసిన చూపుకు పచ్చికాయలు కూడా మాగిపోవాలి. కోత ఆగితే ఏడాది కష్టం మేకల పాలే.

"మాటవరసకు రాసినాలేప్పా! కాయకేమైంది, చూడు!" అంటూ ఓబుళేశు చెట్టున మాగిన పండొకటి తెంపి గుటుక్కుమనిపించాడు. వెనకే ఇంకొకటి. ఢిల్లీవాళ్లకు చూపించడానికి హనుమేష్ ఫోనులో వీడియో పట్టాడు.

"రాసినోడే తింటాండాడు, శానా బాగుండాది. అమ్మా స్వర్ణలతా, నువ్వు గూడా ఒకటి తినుమ్మా."

స్వర్ణలత ఓబుళేశు భార్య. కడుపుతో ఉండి పుట్టింటికి వచ్చింది. తండ్రికి సద్ది తెచ్చి అక్కడే నిలబడి ఉంది. పండు కోసం చెయ్యి చాపింది.

"ఆమెకొద్దు!"

అరిచింది ఓబుళేశే. పండులో ఏమైనా ఉందో లేదో అతనికి తెలియదు. తెలిసినవాళ్లను అడగనేలేదు. ఊరికే రాసిన భయం తిరిగి తన ఇంటికే వచ్చింది.

హనుమేష్ ఫోను కిందికి దించాడు. "మళ్లా పట్టన్నా," అంది స్వర్ణలత. పండు ఒలిచి, మొగుడి కళ్లలోకి చూస్తూ సగం తినింది. మిగతా సగం అతని చేతిలో పెట్టింది.

"నెల తప్పినప్పటి నుంచి ఇవే తింటాండా. ఏమన్నా ఉంటే కనుక్కోని రాయి. లేకుంటే లేదని రాయి."

హనుమేష్ వీడియో పంపించి, ఢిల్లీతో కాసేపు మాట్లాడి, లారీవాడిని రమ్మని ఫోను కొట్టాడు. ఓబుళేశు తల ఎత్తలేక ఆ సగం పండునే చూస్తూ నిలబడ్డాడు.

"తుమ్మలపల్లెకు బస్సెప్పుడు మామా?" అన్నాడు చివరికి.

"రాయకముందు ఎక్కాల్సిన బస్సు గద అల్లుడూ అది," అన్నాడు రామకృష్ణ, కొడవలి అందుకుంటూ.