పూత పట్టని బురుజు

బుడాన్ మేస్త్రి తడి గోడకు మొహం దగ్గరగా పెట్టి, సన్నతాపీతో ఇటుకల సందుల్లోకి సిమెంటు మాలు నొక్కుతున్నాడు. నడుమెత్తు వరకూ ఇదే పని. నొక్కిన కొద్దీ తన మీద తనకే కోపం వస్తోంది.

ఇరాన్ ఎడారి ఊళ్ళలో ఇళ్ళపైన గాలిని పట్టి లోపలికి దించే బురుజులుంటాయట. గుంటూరు పార్కులో నిలబెట్టడానికి శిల్పి శ్రీరమ్య ఇటుకతో కట్టమని అలాంటిదే గీసి ఇచ్చింది. ఇరవై అడుగుల బురుజు. ఒక్కో వరస బొటనవేలంత పక్కకు తిరుగుతూ పైకి పోతుంది. ఇటుకల మీద సిమెంటు పూత వెయ్యకూడదని ఆమె మొదటిరోజే చెప్పింది. బుడాన్ తల ఊపాడు గానీ, చేతికి నలభై ఏళ్ళ అలవాటు. పూత పట్టుకోవడానికి సందులు లోతుగా గీరుకుంటూ పోయాడు. నడుమెత్తు లేచాక గాని ఆ మాట గుర్తు రాలేదు. అక్కణ్ణుంచి కొస దాకా సందులు నింపుతూ కట్టాడు గానీ, కిందిది అలాగే ఉండిపోయింది.

నిన్న కాంట్రాక్టరు ప్రకాష్ వచ్చి, సగంలో వదిలేసిన గోడలా ఉందని జనం నవ్వుతున్నారు, కిందనన్నా పూత వేసి రంగు కొట్టిస్తానన్నాడు. శ్రీరమ్య ఫోను చేసినా వినలేదు.

"గీరి పెట్టింది నువ్వేగా బాబాయ్. పూతకేగా?"

ప్రకాష్ అలా అనేసి పోగానే బుడాన్ సన్నతాపీ వెతుక్కున్నాడు.

ఇవాళ నాలుగింటికి పూత మనుషులొస్తారు. ఆలోగా గీరినదంతా మూసెయ్యాలి. భార్య జమీలా మాలు కలిపి అందిస్తోంది. అతను రెండుసార్లు గుండె రుద్దుకోవడం చూసి ఆస్పత్రికి పోదామంది.

"నలభై ఏళ్ళు కట్టానే. కాలేజీలు, చర్చీలు, మన మసీదు. నేను పెట్టిన ఇటుక ఒక్కటీ ఎండ చూళ్ళేదు."

"చూస్తే ఏమవుద్ది? నీలాగా నల్లబడుద్ది."

నవ్వి, మళ్ళీ తాపీ అందుకున్నాడు.

మూడున్నరకు చివరి సందు మూసి, బకెట్లతో గోడ తడిపాడు. పూత మేస్త్రి అనీస్ వచ్చి ఒక ముద్ద కొట్టాడు. నీళ్ళు తాగి నున్నగా ఉన్న గోడ మీద అది నిలవక, జారి ప్రకాష్ బూటు మీద పడింది. రెండోదీ అంతే.

"ఇది పట్టదు సార్. మళ్ళీ అంతా గీరాల్సిందే."

ప్రకాష్ బూటు దులుపుకుని తల ఎత్తాడు. సాయంత్రపు ఎండలో వరసలన్నీ ఎర్రగా మెలి తిరుగుతూ పైకి పోతున్నాయి. చాలాసేపు చూశాడు.

"ఉండనీలే బాబాయ్, ఇట్టాగే."

బుడాన్ జమీలాని టీకి పంపి, బురుజు లోపలికి పోయి అక్కడి అరుగు మీద కూర్చున్నాడు. పైనుంచి గాలి చల్లగా దిగుతోంది. ఆమె తిరిగొచ్చేసరికి గోడకానుకుని, బురుజు కొసన కనపడే ఆకాశపు ముక్కని చూస్తున్నట్టే ఉన్నాడు. పిలిస్తే పలకలేదు.

వారం తర్వాత బురుజు చూడ్డానికొచ్చినవాళ్ళు కొత్త ఇటుకల మీద చేతులు వేసి తడిమారు. లోపల అరుగు మీద నాలుగు సైకిలు ట్యూబు ముక్కలున్నాయి. ఇటుక గరుకుకి వేళ్ళు అరగకుండా మేస్త్రి తొడుక్కున్నవి, వరసగా విప్పి పెట్టినవి, వేళ్ళ వంపు ఇంకా పోనివి.