వేళ్లు పైకి పరిచిన గడ్డి

2001 జూలై 11, బుధవారం. సాయంత్రం నాలుగు గంటలకు అనంతపురం శివారులోని ఒక ప్రైవేటు కాలేజీలో, జెండా దిమ్మె చుట్టూ ఆరు వందల గడ్డిపెళ్లలు తలకిందులుగా పరిచి ఉన్నాయి. గడ్డి కిందికి, వేళ్లు పైకి. ఉదయం తొమ్మిదికి బెంగళూరు లారీలో దిగినవి అవి.

కాలేజీ మైదానం చూసుకునేది కుళ్లాయప్ప. వయసు నలభై ఆరు. పదకొండేళ్లుగా రోజుకూలి. జూన్‌లో ఆ పనికి ఒక శాశ్వత ఉద్యోగం మంజూరైంది. అదే నెలలో బెంగళూరు నర్సరీలో పని నేర్చిన దివాకర్ వచ్చాడు. పనితనం చూసి ఇద్దరిలో ఒకరిని తీసుకుంటామని ప్రిన్సిపాల్ తిప్పేస్వామి చెప్పారు. ఆయన ఒకరిని 'దివాకర్ గారూ' అని, ఇంకొకరిని 'ఏయ్ కుళ్లాయప్పా' అని పిలిచేవారు.

కుళ్లాయప్ప పిలకలు నాటి గడ్డి పెంచేవాడు. ఒక మూల పచ్చబడడానికి రెండేళ్లు పట్టింది. దివాకర్ ఒక్క రోజు చాలన్నాడు. తన దరఖాస్తులో 'సాడ్' అని రాశాడు. ఆ మాట ఏమిటని కుళ్లాయప్ప ఇంగ్లీషు లెక్చరర్ జయచంద్రను అడిగాడు. ఆయన డిక్షనరీ తీశారు.

"వేళ్లతో, మన్నుతో కోసిన గడ్డిపెళ్ల. సమాధి మీది మన్నును కూడా అంటారు. పాత డచ్చి, జర్మను మాటల్లోంచి వచ్చింది. అంతకుముందు యాడిదో తెలీదని రాసినారు."

"ఇంకేమన్నా ఉండాదా సార్?"

"తిట్టు కూడా."

"అది ఆయప్పకు సరిపోతాది సార్."

బుధవారం పదింటికి బోరు మోటారు ఆగింది. మెకానిక్ కోసం దివాకర్ ఊళ్లోకి పోయాడు. పోతూ కూలీలకు ఒకటే చెప్పాడు. "వరసగా పరచండమ్మా, సందు లేకుండా."

కూలీలు ఎనిమిది మంది. బత్తలపల్లె వైపు వేరుశనగ చేలలో కలుపు తీసేవాళ్లు. చేలో గరికను వేళ్లతో పెకలిస్తే వేళ్లు ఎండకు పెట్టి బోర్లిస్తారు. లేకపోతే మళ్లీ నాటుకుంటుంది. పెళ్లలనూ వాళ్లు అలాగే పరిచారు. రెండు వరసలయ్యాక వాళ్ల పెద్ద మారెక్క నీళ్ల పైపు దగ్గరున్న కుళ్లాయప్పను కేకేసింది.

"కుళ్లాయన్నా, ఇట్లే కదా? బెంగళూరు నుంచి తెప్పించింది ఎర్రమన్ను కోసరమే కదా, దాని మీది గరిక చావల్ల కదా?"

కుళ్లాయప్ప చూశాడు.

"మీకు తెలీని పనా మారెక్కా."

పైపు చుట్టి నీడకు పోయాడు.

దివాకర్ నాలుగింటికి వచ్చాడు. తలమీద చేతులు పెట్టుకున్నాడు.

"ఎవురు చెప్పినారమ్మా ఇట్ల?"

"కుళ్లాయన్నను అడిగితిమప్పా. ఆయన ఈడనే ఉండె," అంది మారెక్క.

తిప్పేస్వామి ఆఫీసులోంచి వచ్చారు.

"చూసినావా కుళ్లాయప్పా?"

"చూసినా సార్."

"మరి చెప్పలేదే?"

"వచ్చి నెల కాలేదు సార్, ఆయప్పను గారూ అంటిరి. నన్ను ఎన్నడన్నా అంటిరా?"

పెళ్లలన్నీ తిరగేయమని తిప్పేస్వామి కూలీలకు చెప్పారు. ఆరున్నర దాకా కూలీలు, దివాకర్ పెళ్లలను తిరగేశారు. కుళ్లాయప్పను మాత్రం వాటిని ముట్టుకోవద్దని తిప్పేస్వామి అన్నారు.

ఆగస్టు 15 నాటికి నూట నలభై పెళ్లలు ఎండాయి. మిగతావి వేళ్లూనాయి. 20న శాశ్వత ఉద్యోగం ఉత్తర్వు దివాకర్ పేరున వచ్చింది. కుళ్లాయప్ప 21 నుంచి పనికి రాలేదు.