ఆదెప్ప చేరిన సముద్రం

పొద్దు వాలగానే నల్లమ్మ మేకలను దొడ్లోకి తోలి, ముఖం కడుక్కుని చేనికి పోతుంది. ఎండిపోయిన వేరుశనగ చేను మధ్యలో కూలిన పాత బావి, దాని పక్కనే నీళ్ళు పడని బోరు ఉన్నాయి. ఆ బోరు పైపు దగ్గర గోనెసంచి పరుచుకుని కూర్చుని లోపలికి వంగి అడుగుతుంది.

"తింటివా?"

"తింటి. నువ్వు?" అని ఆమె మొగుడు ఆదెప్ప గొంతు పైకి వస్తుంది.

వానల్లేని ఏడాది ఆదెప్ప ఆ బావిలో పూడిక తీయడానికి దిగాడు. గట్టు విరిగి మీద పడింది. యంత్రాలతో తవ్వినా మనిషి దొరకలేదు. దినాలు చేసి బంధువులు లేస్తుండగా బోరు పైపులోంచి మాట వినిపించింది. "నల్లమ్మా, ఈడ రోంత తేమ ఉండాది. దాని ఎంబడి పోతాండా."

అప్పటినుంచి గుమ్మఘట్ట చుట్టుపక్కల రైతులు బోరు వేయించాలనుకుంటే ముందు ఆదెప్పను అడిగేవాళ్ళు. పక్క చేను సిద్దమ్మ కూడా వచ్చి అడిగింది. "ఏమప్పా, మా చేని కింద చూస్తివా?"

"చూస్తి అవ్వా. అంతా రాయే."

సిద్దమ్మ నిట్టూర్చి ఇంటికి పోయింది.

ఆదెప్ప తేమ వెంట తూర్పుకు పోతూనే ఉన్నాడు. పోయినకొద్దీ గొంతు సన్నబడింది. చివరికి ఒక సాయంత్రం, "నల్లమ్మా, ఈడ జాస్తి నీళ్ళు. మంచు మాదిరి చల్లగా ఉండాయి. నోట్లో పోసుకుంటే ఉప్పు. నీళ్ళ లోపలే పోయే ఓడ ఒకటి నా నెత్తి మింద పోయింది" అన్నాడు.

నల్లమ్మ తమ్ముడు గంగాధరప్ప లారీ డ్రైవరు. విన్న వెంటనే, "అది విశాఖే అక్కా. అట్లాంటి ఓడలు ఉండేది ఆడే" అని తేల్చేశాడు.

నల్లమ్మ కూతురు ప్రశాంతి పుట్టపర్తిలో ఒక లాడ్జిలో ఫోన్లు ఎత్తే పని చేస్తుంది. ఆదివారం ఇంటికి రాగానే తల్లి అడిగింది. "సముద్రం లోపలికి మనుషులు పోవచ్చంట గదా?"

ప్రశాంతి ఫోన్లో స్కూబా డైవింగ్ వీడియో తీసి చూపించింది. వీపు మీద గాలి సిలిండరు, నోట్లో గొట్టం, చెయ్యి పట్టుకుని నడిపించే మనిషి. నల్లమ్మ దాన్ని మళ్ళీ మళ్ళీ పెట్టించుకుంది. అందరం కలిసి చలికాలంలో విశాఖ చూసివద్దామని అనుకున్నారు. ప్రశాంతి ఉత్సాహంగా రైలు టిక్కెట్లు, గది, డైవింగ్ అన్నీ ఏర్పాటు చేసింది.

"ఆ గొట్టం నోట్లోంచి తీస్తే ఏమైతాది?" అని ఒకరోజు తల్లి అడిగింది.

"తీయగూడదు మా. నీళ్ళు మింగుతావు."

"మీ నాయనకు గొట్టమే లేదు గదా."

మేకలను తల్లి ముందే సిద్దమ్మ దొడ్డికి తోలించిన సంగతి ప్రశాంతికి అప్పుడు తెలిసింది. చెవి కమ్మలు తీసి, "ఉప్పునీళ్ళకు నల్లబడతాయి, నీకాడ పెట్టుకో" అని తల్లి ఆమె చేతిలో పెట్టింది. అమ్మ తిరిగి రావడానికి పోవడం లేదు.

"ప్రయాణం ఆపేద్దాం మామా" అని గంగాధరప్ప దగ్గర ఏడ్చింది.

"ఆపితే ఈ బావిలోనే దూకుతాది. మొన్నటినుంచి పైపులో మాట ఇనపడ్డం ల్యా. మనిషి కూడు కూడా ముట్టడం ల్యా. ఆడైతే మనం పక్కన ఉంటాం" అన్నాడతను.

విశాఖలో పొద్దున్నే చలిగాలి కొడుతోంది. డైవింగ్ కుర్రాడు నల్లమ్మకు బీపీ చూసి తల అడ్డంగా ఊపాడు. "మీకు చాలా ఎక్కువగా ఉందండి. కిందికి పంపలేం."

నల్లమ్మ వంగి అతని కాళ్ళు పట్టుకుంది. "మా ఆయప్ప లోపల ఉండాడు నాయనా. ఒక్కసారి దించు."

"అలాగా అమ్మా? అయినా పంపలేనండి. మీకేమైనా అయితే కష్టం."

"నేను పోతా" అంది ప్రశాంతి. ఆమెకు ఈత రాదు. పుట్టాక ఏ చెరువులోనూ మోకాలు దాటి నీళ్ళు చూడలేదు.

తల్లికి లైఫ్ జాకెట్ తొడిగి, మామను పక్కన కూర్చోబెట్టి పడవలో బయలుదేరారు. దూరం పోయాక కుర్రాడు ప్రశాంతి చెయ్యి పట్టుకుని నీళ్ళలోకి దించాడు. చలికి దవడలు బిగుసుకుపోయాయి. చెవుల్లో పోట్లు. కళ్ళు గట్టిగా మూసుకుని దిగింది. కాళ్ళకు ఇసుక తగిలాక తెరిచింది.

రెండు బండల మధ్య పంచె ఎగగట్టి, గడ్డపారతో ఆదెప్ప గుంత తవ్వుతున్నాడు. అంత సముద్రం అడుగున నిలబడి తీపినీళ్ళ కోసం వెతుకుతున్నాడు. బిడ్డను చూసి గడ్డపార కింద పెట్టాడు. చేతులు పంచెకు తుడుచుకుని ఆమె చెంపలు తడిమాడు. కుర్రాడు వేళ్ళతో బాగున్నారా అని సైగ చేస్తే, ఆదెప్ప కూడా అలాగే సైగ చేశాడు.

పైకి పోదాం రమ్మని ప్రశాంతి చెయ్యి చూపించింది. ఆదెప్ప తల ఊపి వద్దన్నాడు. చూపించిన వైపు తల ఎత్తి అలాగే ఆగిపోయాడు. పడవ అంచు నుంచి రెండు పాదాలు నీళ్ళలోకి దిగుతున్నాయి. పగిలిన ఆ మడమలను అతను ఎక్కడున్నా గుర్తుపడతాడు. నోరు తెరిచి అరిచాడు. బుడగలు తప్ప ఏమీ రాలేదు. మళ్ళీ అరిచాడు. తర్వాత అరచేతిని ప్రశాంతి గొంతు మీద పెట్టి మెల్లగా ఒత్తాడు. వడగల్లు మింగినట్టు ఆమె గొంతులోకి చల్లగా ఏదో దిగింది. అతను ఆమె భుజాలు పట్టుకుని పైకి తోశాడు.

పడవలో గంగాధరప్ప అలల ఊపుకు అటువైపు వాంతి చేసుకుంటున్నాడు. నల్లమ్మ జాకెట్ పట్టీలు విప్పేసింది. నడుము దాకా పడవ అంచు దాటి జారింది. ఇంకొక్క కదలికతో నీళ్ళలో ఉంటుంది. అప్పుడే ప్రశాంతి తల బయటికి వచ్చింది. నోట్లో గొట్టం ఊసి అమ్మా అని అరవబోయింది.

"ఏమే నల్లమ్మా! కాళ్ళు లోపలికి తీసుకో!"

ప్రశాంతి నోట్లోంచి వచ్చింది ఆదెప్ప గొంతు. నల్లమ్మ బిగుసుకుపోయింది. ఆపైన చెప్పిన పని చేసే మనిషిలా కాళ్ళు ఒక్కొక్కటే లోపలికి లాక్కుంది.

పడవెక్కి వణుకుతూ ప్రశాంతి అదే గొంతుతో చెప్పింది. "నాయన రానన్నాడు మా. నిన్నూ రావద్దన్నాడు."

నల్లమ్మ బిడ్డ గొంతుకు చెవి ఆనించి గట్టు చేరేదాకా ఏడ్చింది.

ఇప్పుడు ఆమె పుట్టపర్తిలో కూతురితోనే ఉంటోంది. లాడ్జికి ఫోన్ చేసేవాళ్ళు ప్రశాంతిని సార్ అంటారు. ఆమె సరిదిద్దదు. ఒంటరిగా ఉన్నప్పుడు మాత్రం ఫోన్లో ఎప్పుడో పంపిన తన వాయిస్ మెసేజ్ పెట్టుకుని, ఆ ఆడపిల్ల మాటలు వింటూ కూర్చుంటుంది.

మొన్న జలుబు చేసి ప్రశాంతి గొంతు పోయింది. నల్లమ్మ హడలిపోయి మిరియాల కషాయం కాచి పక్కనే నిలబడి తాగించింది.

"కారం" అని బొంగురుగా గొణిగింది ఆదెప్ప గొంతు.

"నోరు మూసుకుని తాగు" అంది నల్లమ్మ. గ్లాసు ఖాళీ అయ్యేదాకా కదల్లేదు.