గడియ లేని తలుపు

దర్జీ ఆవిడ నోరు ఆ వీధి వీధంతటికీ తెలుసు. గుడ్డ తక్కువ తెచ్చి చేతులు పొడుగ్గా కుట్టమన్న వాళ్ళను ఆమె దులిపేస్తుంటే, పక్క కొట్లో వాళ్ళు కూడా సర్దుకుని కూర్చునేవారు. అలాంటి మనిషి ఆ మధ్యాహ్నం మిషను మీద గుడ్డ కప్పేసి, ఒకే ఒక్క మాట చెప్పడానికి కూతురి బడికి వచ్చింది. ఆడపిల్లల మరుగుదొడ్డి తలుపుకు గడియ లేదు, పెట్టించండి. అంతే.

ఒకటో తరగతి చదివే ఆమె కూతురు లోపలికి వెళ్ళినప్పుడల్లా ఒక స్నేహితురాలు బయట తలుపు పట్టుకునేది. ఒకనాడు గంట కొట్టగానే ఆ స్నేహితురాలు తలుపు వదిలేసి పరుగెత్తింది. తలుపు బార్లా తెరుచుకుంది. వరండాలో బారులు తీరిన పిల్లలందరూ చూశారు. ఆనాటి నుంచి పిల్ల బడిలో నీళ్ళు ముట్టదు. ఇప్పుడు ఒంటేలుకు వెళ్తే మంట, ఏడుపు. డాక్టరు మందు రాసిచ్చి, "నీళ్ళు బాగా తాగించండమ్మా, లేకపోతే మళ్ళీ మొదటికొస్తుంది" అన్నాడు. ఇంటి దగ్గరైతే తాగించగలదు. బడిలో తాగించడం ఎవరి తరం?

సమావేశం పేరు తల్లిదండ్రుల అభిప్రాయ సేకరణ. జరిగేది ఒకటో తరగతి గదిలో. పెద్ద కుర్చీలు లేవు కాబట్టి అందరూ పిల్లల బెంచీల్లోనే ఇరుక్కోవాలి. ఆ బెంచీల మహిమ ఏమిటో గానీ, అందులో కూర్చున్న మరుక్షణం పెద్దవాళ్ళ పెద్దరికం ఎగిరిపోతుంది. చేతులు వాటంతటవే కట్టుకుంటాయి. ఆలస్యంగా వచ్చిన ఒక తండ్రి గుమ్మం దగ్గరే ఆగి, "లోపలికి రావచ్చా మేడమ్?" అన్నాడు. దర్జీ ఆవిడ పక్కన కూర్చున్నది బస్సు డ్రైవరు, రోజంతా రోడ్డు మీద కనిపించిన వాణ్ణల్లా తిట్టే మనిషి. ముందున్నావిడ వీపు చాటున తల దాచుకుని, "నన్ను లేపరు కదా?" అని గుసగుసలాడాడు.

హెడ్మిస్ట్రెస్‌ను అందరూ పెద్ద మేడమ్ అంటారు. ఆవిడ బోర్డు మీద 'అభిప్రాయాలు' అని గుండ్రంగా రాసి, కింద గీత కొట్టి, తిరిగి చూసింది.

"బడి బాగుందా?"

"బాగుంది మేడమ్."

"పాఠాలు సరిగ్గా చెబుతున్నామా?"

"చెబుతున్నారు మేడమ్."

"ఇబ్బందులేమైనా ఉన్నాయా?"

"లేవు మేడమ్."

అంతా ఒకే రాగం. ఆ రాగంలో దర్జీ ఆవిడ గొంతు కూడా ఉంది. కొట్లో ఖంగుమనే గొంతు ఇక్కడ ఇలా మంద వెంట పోయినందుకు ఆమెకు తన మీద తనకే ఒళ్ళు మండింది.

బడి అభిప్రాయాలు పట్టించుకోదని అనడానికి మాత్రం లేదు. ఆ మధ్య ఒక తాతగారు దోమను తోలబోయి చెయ్యి ఎత్తితే, కిటికీలు మూయమంటున్నారని గ్రహించి వెంటనే మూయించారు. అప్పటి నుంచి ప్రతి సమావేశమూ మూసిన కిటికీల మధ్య ఉక్కలోనే జరుగుతోంది. తెరవమని ఇంకా ఎవరూ చెయ్యి ఎత్తలేదు.

దర్జీ ఆవిడ ఎత్తింది.

"ఏమ్మా?" అంది పెద్ద మేడమ్, కళ్ళజోడు పైనుంచి చూస్తూ. గది గదంతా వెనక్కి తిరిగింది. దర్జీ ఆవిడ సగం లేచి, బెంచీకి బల్లకీ మధ్య వంగి నిలబడింది. దారి పొడుగునా వల్లించుకున్నది గడియ మాట. బయటికొచ్చింది వేరే మాట.

"మేడమ్, ఒంటేలుకు వెళ్ళొచ్చా?"

ఎవరూ నవ్వలేదు. బస్సు డ్రైవరు ఆమెకేసి అసూయగా చూశాడు.

"వెళ్ళు. తొందరగా వచ్చెయ్యాలి," అంది పెద్ద మేడమ్.

వెళ్ళమన్నారు కాబట్టి వెళ్ళింది. లోపలికి అడుగుపెట్టి తలుపు లాక్కుంది. చెయ్యి తీయగానే అది కిర్రుమంటూ తెరుచుకుంది. మళ్ళీ లాగింది, మళ్ళీ తెరుచుకుంది. కూర్చుంటే చెయ్యి అందదు, కాలూ అందదు. ఎదురుగా మైదానంలో పిల్లలు డ్రిల్లు చేస్తున్నారు, వాళ్ళలో తన కూతురూ ఉంది. ఇంత పెద్ద మనిషికే ఇలా ఉంటే, ఆ పసిది ఎంత బెదిరిపోయి ఉంటుందో అనుకుంది. ఆ తర్వాత కోపం వచ్చింది. కోపం వచ్చాక నోరు దానంతటదే వచ్చింది.

గదికి తిరిగొచ్చి గుమ్మంలో నిలబడింది. "మేడమ్, ఆ తలుపుకు గడియ లేదు. మీరొచ్చి పట్టుకోండి."

పెద్ద మేడమ్ సుద్దముక్క బల్ల మీద పెట్టింది. వెంట వచ్చి, దర్జీ ఆవిడ లోపలికి వెళ్ళాక తలుపు మూసి పట్టుకుంది.

లోపల దర్జీ ఆవిడకు ఎదురుగా చెక్క తప్ప ఎవరి మొహమూ లేదు. అప్పుడు చెప్పింది. తలుపు వదిలేసిన స్నేహితురాలి సంగతి, పిల్ల నీళ్ళు మానేసిన సంగతి, డాక్టరు మాట, అన్నీ.

"వింటున్నారా మేడమ్?"

"వింటున్నానమ్మా." పెద్ద మేడమ్ మళ్ళీ అంది, "నేనూ తాగను."

"ఏమిటి?"

"నీళ్ళు. పొద్దున ఇంట్లో తాగి వస్తే మళ్ళీ సాయంత్రమే. మా టీచర్లందరికీ ఈ మరుగుదొడ్డొక్కటే దిక్కు."

"మరి ఎవరికీ చెప్పలేదేం?"

"మాకూ మీటింగులు పెడతారమ్మా. ఇబ్బందులేమైనా ఉన్నాయా అని అడుగుతారు."

"మీరేమంటారు?"

"లేవు సార్ అంటాం. అందరం కలిసి."

దర్జీ ఆవిడ తలుపు తీసుకుని బయటికొచ్చింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

పెద్ద మేడమ్ గదికి వెళ్ళి బోర్డు మీద, గీత కింద, 'గడియ' అని రాసింది. "మా పిల్లా అంతే మేడమ్," అంది వెనక బెంచీలో ఒక తల్లి. "మాదీ," అంది ఇంకొకావిడ. తండ్రుల్లో ఒకడైన ఇనప సామాన్ల కొట్టాయన కొట్టుకు పరుగెత్తి గడియ పట్టుకొచ్చాడు. బస్సు డ్రైవరు, బెంచీ తప్పినందుకు మహా సంతోషపడుతూ, స్క్రూడ్రైవరు అందుకున్నాడు. గడియ ఎంత ఎత్తులో పెట్టాలన్న దగ్గర మొదలైంది అసలు అభిప్రాయ సేకరణ. భుజం ఎత్తున అని ఒకరు, అందంగా నడిమధ్యన అని ఇంకొకరు, ముందు రంగు వేయించాలని మరొకరు. అందరూ ఒక్కసారే మాట్లాడారు, ఎవరూ చెయ్యి ఎత్తలేదు.

"నా కూతురి చెయ్యి ఎంత ఎత్తుకు అందుతుందో అంత ఎత్తున," అంది దర్జీ ఆవిడ, కొట్లో మాట్లాడే గొంతుతో. బస్సు డ్రైవరు వంగి అంత ఎత్తునే గడియ బిగించాడు.

బడి వదిలాక పిల్లను అక్కడికి తీసుకెళ్ళింది. పిల్ల తల్లి మొహం చూసింది, గడియ చూసింది, లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. దర్జీ ఆవిడ బయట పిడి గట్టిగా పట్టుకుని నిలబడింది. లోపల గడియ పడిన చప్పుడైంది. ఆమె చెయ్యి తీయలేదు.

"అమ్మా, వదిలెయ్," అంది పిల్ల లోపల్నుంచి. "ఇక నువ్వు లాగినా రాదు."