ఒకటి తీసేశావా

కొలతమ్మకి వేరే పేరుండేది. ఎనిమిదేళ్లుగా భుజాన టేపు వేసుకుని జనం స్థలాలు కొలుస్తూ తిరిగితే ఆ పేరు ఎటో పోయింది, ఇది మిగిలింది. కొలవడం వచ్చు, పటం గీయడం వచ్చు. పటం కింద సంతకం పెట్టే హక్కు మాత్రం లేదు. అది లైసెన్సున్న సర్వేయరుకే. ఎనిమిదేళ్లూ ఆమె గీసిన పటాల మీద వేరేవాళ్ల సంతకాలే పడ్డాయి.

లైసెన్సుకి రాతపరీక్ష రెండుసార్లు తప్పింది. మూడోసారి గట్టెక్కింది. ఇక మిగిలింది స్థలం మీద పరీక్ష. ఒక పాత పటం చేతికిస్తారు. అందులో ఉన్న హద్దు ఇప్పుడెక్కడుందో సాయంత్రంలోగా తేల్చి కాగితం మీద పెట్టాలి. అది పోతే రాతపరీక్ష కూడా మళ్లీ మొదట్నుంచే.

ఆవేళ పొద్దున అత్తగారు గుమ్మంలో నిలబడి, "ఈసారీ తప్పావనుకో, ఆ టేపు నాకిచ్చెయ్. పెరట్లో కట్టి బట్టలారేసుకుంటా," అంది.

"అలాగే అత్తయ్యా. మీకు తాడు వెతుక్కునే పని తప్పుతుంది," అంది కొలతమ్మ. నవ్వుతూనే అంది గానీ భుజాన టేపుని ఒకటికి రెండుసార్లు సర్దుకుంది.

టేపు పట్టే మనిషిని ఎవరికి వారే తెచ్చుకోవాలి. ఆ మనిషి టేపు పట్టుకోవచ్చు, గునపం వేయొచ్చు, కొలతల గురించి మాత్రం పెదవి విప్పకూడదు. కొలతమ్మ బాబాయిని తీసుకెళ్లింది. సొంత బాబాయి కాదు, పని నేర్పినవాడు. పెదవి విప్పకూడదన్న షరతు విని ఆమెకి నవ్వొచ్చింది. ఆయన నోట్లోంచి రోజుకి పది మాటలు రాలితే ఎక్కువ.

టేపు పాతది. కిందటి నెల కంచెకి చిక్కుకుని కొస తెగింది, సున్నా పోయింది. అప్పట్నుంచి బాబాయి ఒకటో మీటరు గీత దగ్గర పట్టుకుంటాడు. వచ్చిన అంకెలోంచి కొలతమ్మ ఒకటి తీసేస్తుంది. కొత్తది తీసుకోమని ఇంట్లో అంటే, పరీక్షకి చేతికలవాటైన టేపే మంచిదని మొండికేసింది.

వాళ్లకి చూపించినవి పక్కపక్క స్థలాలు. వీధి మలుపు వైపుది బస్సు డ్రైవరుది, అవతలిది దర్జీది. మలుపు రాయి నుంచి హద్దురాయి దాకా డ్రైవరు స్థలం పద్దెనిమిది మీటర్ల నలభై అని పాత పటంలో ఉంది. బాబాయి మలుపు రాయి దగ్గర కూర్చున్నాడు. కొలతమ్మ టేపు బిగించి చూసింది. పంతొమ్మిది నలభై. మళ్లీ లాగింది. అంతే.

"ఏమొచ్చిందమ్మా?" అన్నాడు దర్జీ, వెనకే నిలబడి.

"పంతొమ్మిది నలభై. హద్దురాయి ఒక మీటరు మీవైపుకి జరిగినట్టుంది."

"నేను మొత్తుకుంటూనే ఉన్నాను. మీటరు గుడ్డ పక్కకి పోతే నాకు తెలీదా?" అన్నాడు దర్జీ.

డ్రైవరు ముఖం మాడిపోయింది. "నేనా రాయిని ముట్టుకోలేదమ్మా. నడిపే బండి తప్ప ఇంకేదీ జరపలేదు నేను," అన్నాడు. ఎవరూ నవ్వలేదు. ఆయన గోడకి చేరగిలబడిపోయాడు.

కొలతమ్మ కాగితం మీద రాసేసింది. సిరాతో, 'రాయి ఒక మీటరు జరిగినది' అని.

రాసి తలెత్తేసరికి బాబాయి గునపం పట్టుకుని హద్దురాయి పక్కన నిలబడి ఉన్నాడు. ఆమెకేసి చూడటం లేదు.

అప్పుడు గుర్తొచ్చింది. పాతకాలపు సర్వేయర్లు రాయి పాతేముందు గోతిలో రెండు దోసిళ్ల బొగ్గులు పోసేవాళ్లు. బొగ్గు పుచ్చదు, చివకదు. రాయిని ఎవరైనా జరిపినా అది ఉన్నచోటే ఉంటుంది. రాయి జరిగిందనేముందు దాని కింద చూడాలని నేర్పిందే ఈయన.

"తవ్వు బాబాయ్," అంది చిన్నగా.

రాయి పక్కగా మోకాలి లోతు తవ్వాడు. మట్టి ఎర్రగా వచ్చింది, తర్వాత నల్లగా వచ్చింది. రాయి అడుగునే, సరిగ్గా మధ్యలో, బొగ్గులు.

రాయి కదల్లేదు. మరి ఈ మీటరు ఎక్కడ్నుంచొచ్చింది? అదీ సరిగ్గా మీటరు, వెంట్రుకవాసి తేడా లేకుండా. బాబాయి చేతిమట్టి దులుపుకుని టేపు చుట్టుకుంటున్నాడు. తెగిన కొస ఆయన వేళ్ల మధ్య వేలాడుతోంది.

కొలతమ్మకి తల కొట్టేసినట్టయింది. ఒకటి తీసెయ్యలేదు.

రాసిన మాట మీద ఒక్క గీత గీసి కొట్టేసింది. కింద రాసింది: 'టేపు కొస తెగి ఉంది. ఒకటి తీసివేయుట మరిచితిని. రాయి కింద బొగ్గులున్నవి. రాయి కదలలేదు.' ఆ తర్వాత డ్రైవరు దగ్గరికి వెళ్లి, దర్జీ వింటుండగా, "తప్పు నాదండీ. మీరు ముట్టుకోలేదు," అంది. డ్రైవరు చేతులు జోడించాడు.

సాయంత్రం పరీక్షాధికారి కాగితం చూసి కళ్లజోడు సర్దుకున్నాడు.

"ఇంకో కాగితం అడిగితే ఇచ్చేవాణ్ణి కదా. శుభ్రంగా తిరగరాసుకోవాల్సింది."

"ఆ మాట నలుగురూ వినేలా అన్నాను సారూ. కాగితం మారిస్తే నేనన్నది పోతుందా?"

ఆయన ఊ అన్నాడు, అంతే. ఆ ఊ ఎటువైపుదో ఆమెకి తెలియలేదు.

దారిలో అడిగింది. "నీకు ముందే తెలుసా బాబాయ్?"

"రెండోసారి లాగినప్పుడే."

"ఓ దగ్గు దగ్గి ఉండొచ్చుగా."

"దగ్గు రాలేదు." నాలుగడుగులు వేశాక మళ్లీ అన్నాడు. "నేను చెబితే నా కొలతవుతుంది. సంతకం నీది."

నెల తిరక్కుండా లైసెన్సు వచ్చింది. బాబాయికి ఏదేదో చెప్పాలనుకుని వాళ్లింటికి వెళ్లింది. ఆయన కాగితాన్ని ముందూ వెనకా తిప్పి చూసి, మడతపడకుండా తిరిగిచ్చాడు. అనుకున్న మాటలన్నీ పక్కన పెట్టి, వంగి ఆయన పాదాలు తాకింది. ఆయన కంగారుగా కాళ్లు వెనక్కి లాక్కున్నాడు.

కొత్త టేపు తీసుకుంది. పాతది అత్తగారు అడిగి పుచ్చుకుని పెరట్లో రెండు గుంజలకి కట్టింది. బాబాయి మొదటిసారి వాళ్లింటికి వచ్చిన రోజు దాని నిండా బట్టలున్నాయి.

"ఎన్ని మీటర్ల బట్టలారేశారు అత్తయ్యా?" అంది కొలతమ్మ.

అత్తగారు అవతలి గుంజ దగ్గర టేపు మీదున్న అంకె చూసి, "తొమ్మిది," అంది.

"ఒకటి తీసేశావా?" అన్నాడు బాబాయి, కొలతమ్మకేసి తిరిగి.

ఆయన పరాచికమాడటం కొలతమ్మ వినడం ఎనిమిదేళ్లలో అదే మొదలు.