నజ్నీన్ పోసిన నీళ్లు

నెలలు నిండకుండానే సుష్మకు ఆపరేషన్ చేసి ఆడపిల్లను తీశారు. బిడ్డ గుప్పెడంత ఉంది. గట్టిగా ఏడవనైనా లేదు. ఆకివీడులోని ఆ చిన్న నర్సింగ్‌హోమ్‌లో అంతకు మించిన వసతి లేదు. డాక్టరమ్మగారు ఒకపక్క తల్లికి కుట్లు వేస్తూనే ఏలూరు నుంచి అంబులెన్స్ పిలిపించారు. బిడ్డ దగ్గర నర్సు నజ్నీన్ నిలబడింది.

"పాప బతుకుతుందాండీ?" అని సుష్మ బల్ల మీద నుంచే అడిగింది.

నజ్నీన్‌కు అబద్ధం నోట రాలేదు. "ఊపిరి కష్టంగా తీస్తోందండీ."

"అయితే మీరే జ్ఞానస్నానం నీళ్లు పొయ్యండి. మాది కతోలిక కుటుంబం. మా ఫాదర్‌గారు వచ్చేదాకా ఆగుతుందో లేదో."

"నేనాండీ? మేం ముస్లిములం కదా!"

"ప్రాణం మీదికొస్తే ఎవరైనా పొయ్యొచ్చని మాకు చిన్నప్పుడే నేర్పారండి. నా చెయ్యి కదలట్లేదు. మాటలు నేను చెబుతాను."

నజ్నీన్ డాక్టరమ్మగారి వైపు చూసింది. ఆవిడ తలెత్తకుండానే, "బిడ్డ ఒళ్లు చల్లబడకుండా చూడు" అన్నారు. అదే అనుమతి అనుకుంది నజ్నీన్. శుభ్రమైన నీళ్లు గోరువెచ్చగా తీసుకొని, సుష్మ పాప పేరుతో సహా ఒక్కో మాటా అందిస్తుంటే, అవే పలుకుతూ ఆ చిన్న తల మీద ముమ్మారు పారేలా పోసింది. "ఆగ్నెస్, పిత, పుత్ర, పవిత్రాత్మ నామమున నేను నీకు జ్ఞానస్నానమిచ్చుచున్నాను." వెంటనే తుడిచి, వెచ్చగా చుట్టింది. అద్భుతమేమీ జరగలేదు. అంబులెన్స్ వచ్చింది, బిడ్డను తీసుకుపోయింది.

ఏలూరు ఆసుపత్రిలో గాజుపెట్టెలో చాలాకాలం ఉండి, ఆగ్నెస్ బతికి ఇంటికొచ్చింది. అప్పుడు మొదలైంది అసలు తగువు. సుష్మ తల్లి కాంతం గుడికెళ్లి ఫాదర్ క్రీస్తుదాసుగారిని పట్టుకుంది. "ఎందుకైనా మంచిది, మీ చేత్తో మళ్లీ పొయ్యండి ఫాదర్‌గారూ. ఆ అమ్మాయి మంచిదే గానీ, మన మతం కాదు కదండీ."

ఫాదర్‌గారు అవుననలేదు, కాదనలేదు. నజ్నీన్‌ను ఒకసారి రమ్మని కబురు పెట్టారు.

ఆదివారం మధ్యాహ్నం భర్త వసీమ్ స్కూటర్ మీద తీసుకొచ్చాడు. తప్పేదో చేసినట్టు నజ్నీన్ గుమ్మం దగ్గరే ఆగిపోయింది. ఫాదర్‌గారు కుర్చీ వేయించి, కాంతం ఎదుటే మూడు ప్రశ్నలు అడిగారు. ఏ నీళ్లు? ఏ మాటలు? మూడోది విని నజ్నీన్ ఆశ్చర్యపోయింది.

"పోసేటప్పుడు మనసులో ఏమనుకున్నారమ్మా?"

"నాకు అవన్నీ తెలియవండీ. మీ వాళ్లు ఎందుకోసం పోస్తారో, ఆ తల్లి ఏది కోరుకుంటోందో, అది జరగాలనుకున్నానండీ."

"అది చాలు. ఆ బిడ్డకు జ్ఞానస్నానం అయిపోయింది" అన్నారు ఫాదర్‌గారు. కాంతం నోరు తెరవబోతే నవ్వి, "పుట్టిన పిల్లను మళ్లీ పుట్టించలేం కదా కాంతమ్మా! పోసిన చెయ్యి ఈవిడది. ఇచ్చింది క్రీస్తు ప్రభువు" అన్నారు.

నజ్నీన్‌కు భయం పోయి కుతూహలం పుట్టింది. "ఒకమాట అడగొచ్చాండీ? నేను పోసేలోపే పాప పోయుంటే? స్వర్గం లేనట్టేనా?"

"రక్షణకు జ్ఞానస్నానం కావాలని ప్రభువు మాకు చెప్పాడమ్మా. అందుకే మేం ఆలస్యం చెయ్యం. కానీ ఆయన తన దయను ఆ నీళ్లకే కట్టేసుకోలేదు. పొందకుండా పోయిన పసిబిడ్డల్ని ఆయన కరుణకే అప్పగించి, ఆశతో ఉంటాం."

"మరి నాలాంటి వాళ్ల సంగతండీ?"

కాంతం కంగారుగా చూసింది. ఫాదర్‌గారు మాత్రం తడుముకోలేదు. "క్రీస్తు అందరి కోసం చనిపోయాడని మేం నమ్ముతాం. తమ తప్పేమీ లేకుండా ఆయన్ని ఎరగని వాళ్లయినా, తెలిసినంతలో దేవుణ్ని నిజంగా వెతికితే, వాళ్లను కూడా ఆయన దారికి తెచ్చుకోగలడు. ఎలాగన్నది ఆయనకే ఎరుక."

తరువాతి ఆదివారం నజ్నీన్‌నూ వసీమ్‌నూ కూడా పిలిచి, గుడిలో మిగిలిన తంతు జరిపించారు. బిడ్డ నుదుట తైలం పూశారు, తెల్లగౌను తొడిగారు, కొవ్వొత్తి వెలిగించారు. నీళ్లు మాత్రం పోయలేదు. వెనక వరసలో ఎవరో "నీళ్లు మరిచిపోయారేంటి?" అని గొణిగితే, కాంతమే వెనక్కి తిరిగి, "ఎప్పుడో అయిపోయిందండీ, అదిగో ఆ నర్సమ్మగారు పోశారు" అంది.

తిరుగుదారిలో రైల్వే గేటు దగ్గర నజ్నీన్ భర్త భుజం తట్టింది.

"ఏవండీ, సుష్మగారికి మాట్లాడే ఓపిక ఉంది కాబట్టి సరిపోయింది. స్పృహలో లేని తల్లయితే, ఆమె మనసేమిటో నాకెలా తెలుస్తుంది? అప్పుడేం చెయ్యాలి?"

"నన్నడిగితే?" అన్నాడు వసీమ్ నవ్వుతూ. "ఫాదర్‌గారింకా భోంచేస్తూనే ఉంటారు. పోదామా?"

నజ్నీన్ తలూపింది. వసీమ్ స్కూటర్ వెనక్కి తిప్పాడు.