మూలకంటిన ఝరియా బొగ్గు

నేను ఒక బొగ్గు వ్యాగన్‌ను. ఇప్పుడు అలా చెప్పుకోవడం కూడా ఎక్కువే. చక్రాలు ఊడదీశారు, తలుపులు ఎవరో పట్టుకుపోయారు. తుక్కు యార్డులో పిచ్చిమొక్కల మధ్య పడి ఉన్నాను. గ్యాస్ కట్టరు పట్టుకున్న మనిషి నా దాకా ఎప్పుడొస్తాడా అని చూస్తున్నాను. రానీ. ఒళ్లు హూనమైపోయింది. భయపడే ఓపిక కూడా లేదు.

నన్ను తయారుచేసిన రోజున పసుపు కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొట్టారు. ఇంత మర్యాద చేస్తున్నారు కదా, ఏ బియ్యమో గోధుమలో మోయిస్తారనుకున్నాను. నా పిచ్చిగానీ! నేరుగా రాణీగంజ్ తీసుకెళ్లి నెత్తిన బొగ్గు కుమ్మరించారు. దేశంలో అందరికన్నా ముందు తవ్వడం మొదలుపెట్టిన గనులట అవి. అక్కడి బొగ్గు అంటుకుంటే పొడుగాటి మంట లేస్తుంది. దాని దుమ్ము వదలకముందే ఝరియా పంపారు. అక్కడ నేల కింద బొగ్గు ఏళ్ల తరబడి తగలబడుతూనే ఉంటుంది, పైన మనుషులు అన్నం వండుకుంటూనే ఉంటారు. ఝరియాది కోకింగ్ బొగ్గు. వేడికి మెత్తబడి, ఒకదానికొకటి అతుక్కుని, గట్టి ముద్దవుతుంది. ఉక్కు ఫ్యాక్టరీలకు అదే కావాలి.

తాల్చేరు, కోర్బా, సింగ్రౌలీ వైపు దొరికేదంతా చాలావరకు కరెంటు బొగ్గు. కొండలకు కొండలు మోసుకెళ్తే, కాలాక అందులో బోలెడంత బూడిదే మిగులుతుంది. ఈ బూడిద కోసమా నన్నింత దూరం ఉరికించారు అని ఏడుపొచ్చేది. ఒకసారి అస్సాం బొగ్గు ఎత్తారు. దాంట్లో గంధకం ఎక్కువ. వానకు తడిసి నా అడుగు రేకును తినేసింది. నైవేలీ లిగ్నైట్ మాత్రం నాకు తగల్లేదు. అది గోధుమరంగు తడి బొగ్గు, దూరం మోస్తే గిట్టదని తవ్విన చోటే కాల్చుకుంటారట. ఆంత్రసైట్ అని అన్నిటికన్నా గట్టిది, జమ్మూ కొండల్లో కాస్త ఉందని విన్నాను. చూడకుండానే పోతున్నాను. ఏ రకమైనా మనుషులు పెట్టిన పేరు నల్లబంగారం. బంగారమైతే పైన తాటిపత్రి కూడా కప్పకుండా ఎండకూ వానకూ వదిలేస్తారా?

ఇన్ని మోశాను గానీ, ఇప్పుడు తలుచుకుంటే గుర్తొచ్చేది ఒక్క గోనెసంచి బొగ్గే.

అప్పుడు ఝరియా బొగ్గును సముద్రపు ఒడ్డున ఉక్కు ఫ్యాక్టరీలో దింపి, ఖాళీగా గోదావరి లోయ గనులకు వచ్చాం. లోడింగుకు వెళ్లేముందు గని బయటి యార్డులో ఆపారు. అక్కడ ఆడవాళ్లు ఖాళీ వ్యాగన్లలోకి ఎక్కి మూలల్లో అంటిన బొగ్గు ఊడ్చుకుంటారు. ఇనుప గోడల మధ్య గొంతు వినబడదు కాబట్టి వాళ్లకో పద్ధతి ఉంది. ఒకామె కింద నిలబడుతుంది. ఇంజను తగిలించగానే ఒక్కో వ్యాగన్‌ను రాయితో కొట్టుకుంటూ పోతుంది. లోపలున్నామె తిరిగి కొట్టి, వెంటనే దిగిపోవాలి.

ఆరోజు కింద ఉన్నది కాంతమ్మ, నాలోకి ఎక్కింది ఆమె తోడికోడలు భద్రమ్మ. భద్రమ్మ భర్త వీరాచారి కమ్మరి. తొలకరి దగ్గరపడింది, రైతుల నాగలి కర్రులన్నీ కొలిమి ముందు పడి ఉన్నాయి. గోదావరి బొగ్గు కోకింగు రకం కాదు, కొలిమిలో ముద్ద కట్టదు.

"ఈడి బొగ్గు ఎంత ఊదినా చెదిరిపోతాంది అక్కా. కర్రు ఎర్రగైతలేదు. ఇంకో వారమైతే రైతులంత బజార్ల కొనుక్కుంటరు, మా కొలిమి మూసుడే," అంది ఎక్కుతూ.

"నీ బిడ్డ ఈడ్నే తొట్టెల పండుకుంది. లేస్తే పాలకేడుస్తది. జల్దిన రా," అంది కాంతమ్మ.

నా మూలల్లో ఝరియా బొగ్గు చూసి భద్రమ్మ ముఖం వెలిగిపోయింది. పారతో గోకి గోకి సంచి నింపింది. ఇంజను తగిలింది. కాంతమ్మ రాయితో కొట్టింది. భద్రమ్మ తిరిగి కొట్టింది. దిగుతోందనుకుని కాంతమ్మ పక్క వ్యాగన్‌కు వెళ్లింది. భద్రమ్మకు మాత్రం చివరి మూలలో ఇంకో పెద్ద ముద్ద కనబడింది. ఖాళీ బండ్లు ఎప్పుడూ గంటలకొద్దీ కదలవు కదా అన్న ధీమాతో వంగింది. ఖర్మ! ఆరోజే టైముకు కదిలాం.

ఆమె తలుపు దగ్గరికి ఉరికింది. దూకొచ్చు, ఇంకా వేగం లేదు. కానీ ముందు సంచిని విసిరింది. ఆ కాస్త ఆలస్యానికే కింద కంకర గిర్రున తిరగడం మొదలైంది. దూకలేక ఆగిపోయింది. ముందు బొగ్గు నింపే బంకరు ఉందని ఆమెకు తెలుసు. దాని కిందికి వెళ్లగానే పైనుంచి బొగ్గు దబదబా పడుతుంది. లోపల మనిషి ఉందని చూసేవాళ్లుండరు.

"ఆపుండ్రి! నా బిడ్డ!" అని అరిచింది. ఎవరికి వినబడుతుంది? పార తీసుకుని నా గోడను బాదడం మొదలుపెట్టింది. బొగ్గుతో నిండి ఉంటే నాకు నోరుండదు. అప్పుడు ఖాళీగా ఉన్నాను, చెవులు చిల్లులు పడేలా మోగాను. కొట్టు తల్లీ, ఇంకా కొట్టు అనుకున్నాను. రేకు సొట్టబోయినా నొప్పి తెలియలేదు.

రైలు గేటు దగ్గర కాపలా ఉన్న సాంబయ్య విన్నాడు. వ్యాగన్‌లో ఏదో ఊడి వేలాడుతోందనుకుని గార్డుకు ఎర్రజెండా చూపాడు. మనుషులు మనిషి కేకకు ఆగినా ఆగకపోయినా, ఇనుము చప్పుడుకు తప్పక ఆగుతారు. గార్డు బ్రేకు వేశాడు, వ్యాగన్లన్నీ ఒకదాన్నొకటి గుద్దుకుంటూ ఆగాం.

"ఏందమ్మా ఇది? సచ్చిపోతుంటివి గదా!" అన్నాడు గార్డు, తలుపులోంచి చూసి.

"నా బిడ్డ యార్డుల ఉందయ్యా," అని ఒక్క దూకు దూకింది. పాలు చేపి రవిక తడిసిపోయింది. పట్టాల వెంట వెనక్కి పరుగెత్తింది. దారిలో ఆ సంచి పడి ఉంది, మూతి విప్పుకుని. దాని మీంచే దాటింది, కిందికి చూడలేదు.

ఎదురుగా కాంతమ్మ వస్తోంది, చంకలో గుక్కపట్టి ఏడుస్తున్న పిల్లతో. "దిగినవనుకుంటినే, దిగినవనుకుంటి!" అని ఆమె కూడా ఏడుస్తోంది. భద్రమ్మ పిల్లను లాక్కుని, ఆ కాలే కంకర మీదే కూలబడి, కొంగు చాటున పాలిచ్చింది.

సాంబయ్య అటు తిరిగి నిలబడ్డాడు. గార్డు జెండా చుట్టుకుంటూ కాళ్లవైపు చూసుకున్నాడు. ఎందుకు ఆగామో తెలుసుకుందామని వచ్చిన డ్రైవరు, తెలుసుకుని బీడీ ముట్టించాడు. అవతల బంకరు కింద మా కోసం ఎదురుచూస్తున్నారు. ఎక్కడో కరెంటు ఫ్యాక్టరీలో మేము మోసుకెళ్లబోయే బొగ్గు కోసం ఎదురుచూస్తున్నారు. ఒక్కరూ బండి కదిలించమనలేదు.

కాసేపటికి పిల్ల ఏడుపు ఆగింది. కాంతమ్మ వెనక్కి వెళ్లి, చెదిరిన బొగ్గు ముక్కముక్కా ఏరి సంచిలో వేసి నెత్తికెత్తుకుంది. భద్రమ్మ మాత్రం లేవలేదు.

"కానియ్ తల్లీ, కడుపునిండ తాగనియ్," అన్నాడు గార్డు, అటువైపు చూడకుండానే.

అంత పొడుగు బండి ఒక పసిపిల్ల కోసం నిలబడింది. మోసీ మోసీ అరిగిన ఈ బతుకులో నేను నిజంగా ఒళ్లు వాల్చింది ఆ కాసేపే.